రెండో దిక్కు సాబ్

మొన్న మా చెల్లెలి బిడ్డ పెళ్లికి నాగర్‌కర్నూల్ పోయాను. పెళ్లివారి చాయ్ నోట పెట్టలేక బజారులో హోటల్ వెతుక్కుంటూ పోతే, అక్కడ ఇద్దరు మనుషులు బెంచీ మీద కూర్చుని గొంతులు చించుకుంటున్నారు. రాయచూరు దిక్కు నుంచి వచ్చే కందులను ఆపాలని ఒకడు, ఆపితే తినేవాడి గతి ఏమిటని ఇంకొకడు. హోటలాయన గ్లాసులు కడుగుతూ నవ్వాడు. "ఆ ముసలి సాబ్ ఉంటె మీ ఇద్దరి దిక్కులు మార్పిచ్చి మళ్ల కొట్లాట పెట్టేటోడు. పాపం, రంజాన్ ముందల పోయిండు" అన్నాడు.

నా చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. వాదించేవాళ్ల దిక్కులు మార్పించే సాబులు ఈ భూమ్మీద ఇద్దరుండరు. "తుంగభద్ర నాకాల పనిచేసినాయనేనా?" అని అడిగాను. "ఆయననే. ఈడ బిడ్డ దగ్గర ఉంటుండె. మీకు తెలుసా?" అన్నాడు హోటలాయన. చాయ్ పైసలు ఇచ్చి లేచాను. సాయంత్రం అప్పగింతలప్పుడు అందరితో కలిసి నేనూ ఏడ్చాను. మా చెల్లెలు, అన్నకు తన బిడ్డ మీద ఇంత ప్రేమ ఉందా అని మురిసిపోయింది. పోనీలే, మురవనీ అనుకున్నాను.

ఇప్పటి పిల్లలకు నాకా అంటే ఏమిటో చెప్పాలి. అప్పుడు తుంగభద్రకు ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజ్యం. ఇక్కడి సిక్కా రూపాయి అక్కడ చెల్లదు. ఏరు దాటే ప్రతి మూటనూ విప్పి చూసి సుంకం కట్టించుకోవడానికి అలంపూర్ దిక్కున రేవు మీద రెండు రాతి గదులు ఉండేవి. అదే నాకా. ఏటిలో గుండ్రటి గంప వంటి పడవ, పుట్టి, తిరిగేది. పుట్టి నిండే దాకా ఎవరైనా సరే ఆ గదుల ముందు వేపచెట్టు కింద కూర్చోవలసిందే. అట్లా కూర్చున్నవాళ్లే సాబ్‌కు ఆహారం.

మాది గద్వాల. మా నాయన చిన్నప్పుడే పోతే మా చిన్నాయన నన్ను సాకాడు. ఆయన చీరల సావుకారు. ఇరవై దాటిన నన్ను వెంటబెట్టుకుని కర్నూలులో చీరలు అమ్మడానికి మొదటిసారి తీసుకుపోయాడు. రైలు ఉంది కదా అంటే, "రైల్ల మూట ఎవని కాళ్ల కిందనో పెట్టాలె. బండి మనది, ఎద్దులు మనయి" అని కొట్టిపారేశాడు. మా చిన్నాయనకు తనది కానిదాని మీద నమ్మకం లేదు.

నాకా సాబ్ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎర్ర టోపీ పెట్టుకుంటే సర్కారు, తీసి మోకాలి మీద పెట్టుకుంటే మన మనిషి. మొదటి రోజు టోపీ పెట్టుకునే మా మూట విప్పాడు. ఒక్కో చీరనూ చూసి, మడత చెడకుండా మళ్లీ పెట్టి, మూటను తానే కట్టాడు. నేను ముడి వెయ్యబోతే చెయ్యి పక్కకు తోశాడు. "విప్పినోడే కట్టాలె బేటా. లేకుంటె అది తనిఖీ కాదు, దోపిడి" అన్నాడు. తర్వాత టోపీ తీసి పక్కన కూర్చుని, పెండ్లికొడుకును పేరు అడిగినట్టు మెల్లగా అడిగాడు: "ఈ నాకా ఉండాలెనా, పోవాలెనా? నీది ఏ దిక్కో చెప్పు. రెండో దిక్కు నాది."

నేను అప్పటికే సుంకం కట్టి మంట మీద ఉన్నాను. పోవాలన్నాను.

"మంచిది. నాకా పోయింది అనుకో. రేపు బొంబాయి మిల్లు గుడ్డ గద్వాల సంతల పడ్తది. మీ చీరకు సగం ధర. అప్పుడు నీ మగ్గం ఎవడు సూస్తడు? నీ నేతగాడు ఏం తింటడు, వాదం తింటడా?"

 తర్వాతిసారి పోయినప్పుడు, రాత్రంతా ఆలోచించుకున్న తెలివితో, నాకా ఉండాలన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే రెండో దిక్కుకు దూకాడు. "ఎందుకు ఉండాలె? మన పత్తి అడ్డం లేకుండ సముద్రం దాటి పోతది. గుడ్డయి మళ్ల వస్తది. పోంగ ఎవడు బలిసిండు, రాంగ ఎవడు బలిసిండు? దానికి లేని నాకా ముసలవ్వ నెత్తి మీది జొన్నల గంపకు ఎందుకు? ఈ ఒడ్డుకు పుట్టాల్నా, ఆ ఒడ్డుకు పుట్టాల్నా అని నిన్నెవడన్న అడిగిండా? నన్ను అడగలే."

"మరి మీది అసలు ఏ దిక్కు సాబ్?" అన్నాను చిరాగ్గా.

"నాది రెండో దిక్కు అంటిని గద" అని పగలబడి నవ్వాడు. చెప్పొద్దూ, ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. మూడోసారి పోయేటప్పుడు మాత్రం గద్వాల దాటకముందే బండిలో కూర్చుని ఏమి వాదించాలా అని చూసుకుంటున్నాను.

ఆయన తినేది జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. వాదం ముదిరితే రొట్టె తుంచి పెట్టి, ఇది హైదరాబాద్, ఇది మద్రాస్, ఈ కారం లండన్ అని చూపించేవాడు. వాదం అయ్యేసరికి రాజ్యాలన్నీ ఆయన కడుపులో ఉండేవి. వనపర్తి బడిపంతులొకాయన సెలవులకు కర్నూలు పోతూ ఈయన చేతిలో చిక్కి, పుట్టి నిండి పోయినా తెలియక, మళ్లీ పుట్టి దాకా కూర్చున్నాడు. యుద్ధం వచ్చాక సాబ్‌కు కొత్త మేత దొరికింది. "లండన్‌ల బాంబు పడితె ఈడ జొన్నల ధరెందుకు పిరమైంది? చెప్పుండ్రి. బాంబుకు నాకా లేదు, సుంకం లేదు, వచ్చి మన గుమ్మిల పడ్డది!" అని రేవంతా వినిపించేటట్టు అరిచేవాడు. వినేవాళ్లలో సర్కారు మనుషులుంటారేమోనని మేము దిక్కులు చూసేవాళ్లం.

శుక్రవారం మాత్రం వాదం ఉండేది కాదు. ఆయన పుట్టింది ఆ ఒడ్డున, కర్నూలులో. ముసలితల్లి అక్కడే, భర్త సమాధి ఉన్న ఊరు వదిలి రానని, ఒక్కతే ఉండేది. తల్లికి దగ్గరగా ఉండాలని ఏండ్లకేండ్లు పై అధికారుల ఇండ్ల చుట్టూ తిరిగి ఈ నాకా వేయించుకున్నాడు. జుమ్మా నమాజు చేసుకుని పుట్టి ఎక్కి పోయి తల్లి చేతి అన్నం తిని వచ్చేవాడు. పుట్టిలో ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాడు. ఒకసారి ఎందుకు సాబ్ అంత గమ్మున ఉన్నావంటే, "ఓడిపోనీకి పోతున్న. నన్ను గెలిచేది ఒక్క మా అమ్మనే. ఈ నాకా నుంచి తీసేస్తె ఆమెకు దిక్కెవరు చెప్పు? నోరు జర దగ్గర పెట్టుకోవాలె నేను" అన్నాడు. ఆయన నోరు దగ్గర పెట్టుకున్నది మాత్రం నేను చూడలేదు.

మా చిన్నాయనకూ ఆయనకూ ఉప్పూ నిప్పూ. చిన్నాయనది ఎప్పుడూ ఒకటే మాట. "సరుకు ఏరు లెక్క. ఆపితె కుళ్లుతది. నాకాలన్ని పీకెయ్యాలె." ఒక రోజు గాలి ఎక్కువై పుట్టి నడవలేదు. మేము రేవులోనే ఆగిపోయాం. ఇంకేం, పొద్దుగూకే దాకా వాదమే. చిన్నాయన తన పాట పాడాడు. సాబ్ రెండో దిక్కు పట్టాడు. "తలుపు లేకుంటె, ఉన్నోనికి కావలి మనుషులుంటరు సావుకారు. లేనోని జొన్నలే పోతయి. తలుపు ఉండాలె. బిగించి ఉండాలె" అన్నాడు. అక్కడున్న కాపులంతా సాబ్‌కే తలలూపారు. చిన్నాయన మొహం మాడ్చుకుని బండి కింద పడుకున్నాడు.

తెల్లారి గాలి తగ్గింది. పుట్టి కోసం చూస్తూ ఉంటే గాడిద మీద సామాను వేసుకుని ఇద్దరు మనుషులు రేవులోకి దిగారు. చూస్తే మా ఈరయ్య, ఆయన పెండ్లాం నర్సమ్మ. ఈరయ్య మా చిన్నాయన మగ్గాల మీద నేసేవాళ్లలో మొదటివాడు. నూలు చీరకు పట్టు అంచు కలపడంలో గద్వాలలో ఆయనకు సరిజోడు లేడు. ఆ ఏడు నూలు దొరకడం లేదని చిన్నాయన అందరి కూలీ తగ్గించాడు. చీరల ధర మాత్రం తగ్గించలేదు. కర్నూలులో నేతగాళ్లకు పని ఉందని విని, చెప్పకుండా బయల్దేరారు పాపం. చిన్నాయన అప్పటికే ఏరు దాటి పోయి ఉంటాడనుకున్నారు. గాలి వల్ల ఆయన రేవులోనే ఉండిపోయాడని వాళ్లకేం తెలుసు?

"ఏంది ఈరన్నా, ఏడికి పయనం?" అని చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"ఆ ఒడ్డుకు పోతున్నం సావుకారీ. ఈడ కడుపు నిండుతలేదు" అన్నాడు ఈరయ్య, తల వంచుకునే గాని మెత్తబడకుండా.

చిన్నాయన ఇంక ఆయనతో మాట్లాడలేదు. సాబ్ వైపు తిరిగాడు. "సాబ్, సూడండ్రి. ఆ బొంతల మూటల అచ్చు ఉంటది. అచ్చుల నా నూలు, నా పట్టు ఉంటది. నూలు ఏరు దాటొద్దని సర్కారు కట్టడి. తలుపు బిగించి ఉండాలె అని నిన్న మీరే అంటిరి."

సాబ్ టోపీ పెట్టుకున్నాడు. మూట విప్పాడు. బొంతల నడుమ అచ్చు ఉన్నది నిజమే. అచ్చంటే మగ్గం మీద పడుగు పోగులన్నీ దూరివచ్చే దువ్వెన వంటి చట్రం. చీర కోసుకున్నాక కూడా దాంట్లో పాత పోగుల కొసలు అట్లాగే వదిలిపెడతారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో కొసకు ఒక్కో పోగు అతికి ముందుకు లాగుతారు. ఆ కొసలు ఉంటేనే మగ్గం బతికి ఉన్నట్టు. ఇంట్లో నేసే మనిషి పోయి, ఇక ఆ మగ్గం మీద కూర్చునేవాడు లేడనుకున్నప్పుడే మా ఇండ్లల్లో ఆ కొసలు కోస్తారు.

"కోసి నాది నాకు ఇచ్చి పొమ్మనండ్రి. నేను వద్దంటలేను" అన్నాడు చిన్నాయన.

నర్సమ్మ ముందుకు వచ్చింది. "మనిషి పానంతోటి నిలవడి ఉంటె కొసలు కోయమంటవా సావుకారీ? మగ్గం మీద పుట్టిన శాలోని నోట రావాల్సిన మాటనేనా అది?"

 సాబ్ అచ్చును చేతుల్లో పట్టుకుని కొసలను వేళ్లతో తడిమి చూశాడు. ఆయన వాదించకుండా నిలబడడం నేను అప్పుడే చూశాను. నాకు భయం వేసింది. కట్టడి సంగతి చిన్నాయన చెప్పింది అబద్ధం కాదు. పోనిస్తే సాబ్ నాకా పోతుంది. నాకా పోతే శుక్రవారం పోతుంది. ఆపేస్తే ఈ ఇద్దరూ మళ్లీ తగ్గించిన కూలీకే, తలలు ఇంకా కొంచెం వంచుకుని, మా గడపకే రావాలి.

సాబ్ గదిలోకి పోయి దీపం వత్తి కోసే కత్తెర తెచ్చాడు. చిన్నాయన చేతికిచ్చాడు.

"ఏది మీదో, ఏది ఆయనదో నాకు తెల్వదు. మీరు ఆ పనిల పుట్టినోళ్లు. మీరే కోయండ్రి. కోస్తె నూలు ఈ ఒడ్డుకు, మనుషులు ఆ ఒడ్డుకు. మీరు కోయకుంటె ఈడ నూలే లేదు. నేను ఎవరికన్న అదే చెప్పుకుంట."

చిన్నాయన కత్తెర తీసుకున్నాడు. అచ్చు ముందు గొంతుక్కూర్చున్నాడు. మా నాయన పోయిన పదకొండో నాడు ఆయన మగ్గం కొసలు కోసింది ఈ చిన్నాయనే. ఆ తర్వాత ఆయన మళ్లీ మగ్గం గుంటలో కాలు పెట్టలేదు, సావుకారు అయ్యాడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడుకోరు. చిన్నాయన కత్తెర పట్టుకుని ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. కత్తెర కింద పెట్టి లేచి, పంచె దులుపుకుని బండి దిక్కు పోయాడు.

సాబ్ ఆ మూటను తానే కట్టాడు. ఈరయ్యతో పుట్టి దాకా నడిచాడు. "కర్నూల్ల దిగినంక ఖిలా బురుజు దాటి మా ఇల్లు అడుగు. అమ్మ ఒక్కతె ఉంటది. ముందటి సావిట్ల మగ్గం పడ్తది. వంట మీది మీరు బయట వాకిట్ల చేసుకోండ్రి, ఆమె ఏమనదు. ఈడ జరిగింది మాత్రం ఆమెకు చెప్పకుండ్రి, ఊరికె పరేషాన్ అయితది" అన్నాడు. తర్వాత వెనక్కి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు.

"సావుకారు, సరుకుకు తలుపు తెరువుమంటరు. నేసినోనికి మూయుమంటరు. ఇది ఏ దిక్కు వాదమో జర చెప్పుండ్రి. రేపు నేను వాదించాలె."

 ఆ ప్రశ్న సాబ్ అడగకుండా ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కొసలు కోయలేక లేచిన మనిషిని అక్కడితో వదిలేయాలి. కానీ నోరు ఊరుకోదు కదా ఆయనది. గద్వాల పోయాక చిన్నాయన ఆ అవమానం దిగమింగలేక, తెలిసిన పెద్ద మనిషి ఒకాయన చెవిన ఒక మాట వేశాడు. చలికాలం రాకముందే సాబ్‌కు బదిలీ వచ్చింది. బీదర్ అవతల ఏదో నాకా. అక్కడ ఏరూ లేదు, తల్లీ లేదు.

ఈలోపల మా వాడలో ఇంకో ముచ్చట జరిగింది. నాకాలో అచ్చుతో సహా మనిషిని పోనిచ్చారని మగ్గాల వాళ్లందరికీ తెలిసింది. ఒకడు కర్నూలులో బావమరిది ఉన్నాడన్నాడు. ఇంకొకడు గాడిద బాడిగ ఎంత అని అడిగాడు. ఎవరూ పోలేదు. పోతామని కూడా అనలేదు. ఊరికే అడిగారు. ఒక పొద్దున చిన్నాయన అరుగు మీద కూర్చుని, ఎవరి మొహమూ చూడకుండా, తగ్గించిన కూలీ తిరిగి ఇచ్చి ఇంకొంచెం పెంచుతున్నానని చెప్పాడు. ఆయన నోట ఆ మాట ఈ జన్మలో వింటాననుకోలేదు.

ఆ సంగతి చెప్పడానికి నేను ఎగురుకుంటూ రేవుకు పోయాను. సాబ్ పెట్టె సర్దుకుంటున్నాడు. చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని ఆలోచించాడు.

"మరి ఆ ఒడ్డు నేతగాళ్ల సంగతేంది? మనోళ్లు పోయినందుకు ఆడ కూలి తగ్గిందా?"

"సాబ్! ఇయ్యాలన్న గెల్చిన అని ఒప్పుకోరాదు?" అని అరిచాను.

"ఒక్క ఒడ్డు మీద నిలవడి గెల్చిన అంటె ఎట్ల బేటా?" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. ఏటి దిక్కు చూస్తూ, "నువ్వు చీరలతోటి పోతుంటవు గద. జర అమ్మను పలకరియ్యి. నేను చెప్తె ఆమె ముందల అబద్ధం నిలవదు. కొడుక్కు తరక్కీ అయింది, పెద్ద నాకాకు పోయిండు అని చెప్పు" అన్నాడు. ఆయన కండ్లు నిండాయి. నావీ నిండాయి. ఇద్దరం ఒకరినొకరం చూసుకోకుండా పెట్టెకు తాడు బిగించాం.

ఆయన బదిలీ మీద వెళ్లిన రెండో శుక్రవారం నేను ఒక్కడినే ఏరు దాటాను. ఖిలా బురుజు దాటి ఆ ఇల్లు అడిగితే, అడిగిన చోటి నుంచే మగ్గం చప్పుడు వినబడింది. ముందటి సావిట్లో ఈరయ్య నేస్తున్నాడు. నర్సమ్మ పక్కన రాట్నం మీద కండెలు చుడుతోంది. ముసలమ్మ నులకమంచం మీద కూర్చుని, పట్టు పురుగును చంపడం పాపమా కాదా అని ఈరయ్యతో వాదం పెట్టుకుంది. కొడుకు గొంతే. నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని వాకిలి దిక్కు చూసింది.

"మా వాడు ఏడి నాయనా? రెండు శుక్రవారాలాయె, రాలేదే?"

"తరక్కీ అయిందమ్మా. పెద్ద నాకాకు పంపిండ్రు. దూరం" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "వానికి తరక్కీనా? పై అధికారితో కూడా జగడం పెట్టుకునేవానికి ఎవరిస్తారు నాయనా తరక్కీ? నిజం చెప్పు. ఏం తప్పు చేసినాడు?"

"తప్పు చెయ్యలేదమ్మా" అన్నాను. 

రాట్నం ఆగింది. నర్సమ్మ లేచి వచ్చి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. "మావల్లనే అమ్మా. మా అచ్చుల నూలు ఉండె. కోయకుండ మమ్ముల పోనిచ్చిండు. అందుకే పంపిచ్చిండ్రు. చెప్పొద్దన్నడని ఇన్ని దినాలు నీ ఇంట్ల ఉండుకుంట దాసిపెట్టినం" అని ఏడ్చింది. "మేం మళ్ల గద్వాలకు పోతం. నూలు తిరిగి ఇచ్చేస్తం. అప్పుడన్న సాబ్‌ను ఈడికి పంపుతరేమో."

మగ్గం కూడా ఆగిపోయింది. ఈరయ్య పోగు తోసే నాడె చేతిలో పట్టుకుని, తీర్పు వినేవాడి మాదిరి, ముసలమ్మనే చూస్తున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. వాకిలి దిక్కు చూసింది. ఆ వాకిట్లో నుంచి కొడుకు ఇక శుక్రవారం రాడని ఆమెకు అప్పుడే తెలుస్తోంది.

"మీరు ఎనక్కి పోతే, మా వాడు ఉత్తపుణ్యానికి పోయినట్టు కాదా తల్లీ?" అంది. తర్వాత ఈరయ్య వైపు తిరిగింది.

"ఎందుకు ఆపినావు నాయనా? నేయి."